దొర కారులో హుసేనమ్మ గడియారం

హుసేనమ్మ అని ఒకామె, గడియారాలు బాగుచేసే ఆడమనిషి. ఎందుకు నవ్వేది? ఆడమనిషి చెయ్యి పెడితే ముల్లు ఎనక్కి తిరగతాదా? వినండి మొదలు. ఆమె మొగుడు మౌలాలి, సంతలో రేకుపెట్టె ముందరేసుకోని గడియారాలు బాగుచేసేవాడంట. కంట్లో పొరలొచ్చి చూపు పాయ. చేతిలో పని ఉండాది, కంట్లో ఎలుగు లేదు. అప్పుడేం జేసినాడంటే, పెండ్లాన్ని పక్కన కూర్చోబెట్టుకోని, ఇది ఈ చక్రం, దీని పక్కన ఆ చక్రం, దీన్ని ఊదు, దానికి నూనె చుక్క పెట్టు అని నోటితో చెప్తా చెప్తా పనంతా ఆమె చేతుల్లోకి దించినాడంట. వాళ్ళింట్లో ఒక టైంపీసు ఉన్నింది. తాళం చుట్టేది, చెప్పిన పొద్దుకు గంట కొట్టేది. మౌలాలికి చూపు పోయినాక అదే పగలు, అదే రేయి. తలగడ పక్కన పెట్టుకోని దాని టకటక వింటా పండుకునేవాడు. ఆ చప్పుడు లేకపోతే ఆ మనిషికి తెల్లారేది తెలీదు అనుకో. ఈ టైంపీసు సంగతి మతిలో పెట్టుకోండి, మల్లా పనుంది దాంతో.

ఆ ఊరు తెల్లగుండ్లపల్లె. చెరువు కింద మడి. వానలు బాగుంటే ఎవురికి ఎన్ని నీళ్ళు కావాలంటే అన్ని. వానలు లేని యాడాది మాత్రం వంతులు. తూము కాడ నీరుగంటి గంగులప్ప కూర్చోనుంటాడు. నీరుగంటి అంటే తెలుసు కదా, తూము తెరిచేది మూసేది ఆయప్ప పని, ఏ కాలవకు ఎంతసేపు అనేది ఆయప్ప ధర్మం. ఎనకటికి ఆయప్ప దగ్గర ఒక రాగి గిన్నె ఉన్నింది, అడుగున సన్న చిల్లి. నీళ్ళకుండలో తేలేస్తే చిల్లిలోంచి నీళ్ళెక్కి మెల్లగా మునగతాది. మునిగితే ఒక గుంపు అని లెక్క. ఇన్ని గుంపులు పైకాలవకు, ఇన్ని గుంపులు నడిమి కాలవకు, ఇన్ని కడకాలవకు. ఊరంతా చుట్టూ కూర్చోని చూస్తాండేది. గిన్నె అబద్ధం చెప్పదు గదా, చెప్పాలన్నా దానికి నోరు లేదు.

ఇంగ దొర కత. వేంకటపతి దొర అని, పాళేగాండ్ల వంశం. పాళెం ఎప్పుడో పాయ, పొగరు మాత్రం పోలేదు. ఆయన పొలాలన్నీ పైకాలవ కింద, తూము పక్కనే. ఆయనకొక కారు. తెల్లోళ్ళ కాలం నాటి కారు, మూతి ఇంత పొడుగు, రెండు పక్కలా ఎద్దు మూపురాల మాదిరి రేకులు. డ్రైవరును పెట్టుకోడు, తానే తోలతాడు. దాని లోపల, తోలేవాని ముందర రేకుపలకలో, పూరీ అంత గడియారం ఉన్నిందంట. పచ్చంగా మెరిసే ముల్లులు. ఒక ఎండాకాలం ఆ కారును చెరువు కట్టమీదికి ఎక్కించి, తూము పక్కన నిలబెట్టి దొర ఏమన్నాడంటే, మీ గిన్నె చిల్లి అరిగి పెద్దదైపోయింది, దాన్ని నమ్మి నీళ్ళు పంచేది పాత మాట, ఇంగ మీంద నా కారు గడియారమే వంతు అన్నాడు. జనం వరసగా కారులోకి తొంగి చూసినారు. ముల్లు కదలతాంది. ఆహా అనుకున్నారు. గంగులప్ప గిన్నెను తీసకపోయి ఇంట్లో ఉప్పు పోసుకున్నాడు. అయిపాయ.

అయితే దొర ఒక కట్టుబాటు పెట్టినాడు. వేరేవాళ్ళ వంతుల్లో ఎవురైనా కారు కాడికొచ్చి ముల్లు చూసుకోవచ్చు. దొర వంతులో మాత్రం దొర కారులో కూర్చోనుంటాడు, ఆ చుట్టుపక్కలకు ఎవురూ రాకూడదు. మర్యాద అంట. ఆయన సీటు మీద ఎనక్కి ఒరిగి, మొగం మీద తువాలేసుకోని కునుకు తీస్తాడు. వంతు అయినాక తానే చెయ్యెత్తి సైగ చేస్తాడు, గంగులప్ప నీళ్ళకు అడ్డంగా పైకాలవ పలక దించతాడు. ఏమైందంటే, దొర వంతు రానురాను సాగతా పోయింది. తూము రాయి నీడ ఈ పక్కనుంచి ఆ పక్కకు పోయినా దొర చెయ్యి లెయ్యదు. గంగులప్ప నీడ జూసి గొణుక్కునేవాడు. మనోళ్ళు ఏమనుకున్నారో తెలుసా? ఎండాకాలం గదా, పొద్దు సాగతాది, ఎండకు పొద్దు గూడా అలిసి మెల్లగా నడస్తాది అనుకున్నారంట. పొద్దునే అనుమానించినారు గానీ దొరను అనుమానించలేదు చూడు. మన బతుకులు అట్లా ఏడ్సినాయి. కడకాలవ కాడికి వచ్చేసరికి చెరువులో అడుగు తేలతాండేది.

ఆ కడకాలవలో కట్టకడాకు ఉండేది హుసేనమ్మ కయ్య. ఒక్కటే కయ్య, చిన్న మడిముక్క. సంతలో పని జరగని నెలల్లో ఆ వడ్లే వాళ్ళకు కూడు. ఆ యాడాది వరి పొట్టకొచ్చి నిలబడింది. ఒక్క తడి, ఒక్కటంటే ఒక్క తడి తగిల్తే గింజ పోసుకుంటాది, లేకపోతే అంతా తాలే. సరిగ్గా అప్పుడే దొర కారు గడియారం నిలిచిపాయ. దొర ఏమన్నాడు? గడియారం లేందే తూము తెరిచేది లేదు అన్నాడు. గిన్నె తెచ్చుకుందామని గంగులప్ప అంటే, ఏం గంగులూ, నా మాటకన్నా నీ గిన్నె పెద్దదా అన్నాడంట. గిన్నె మాట అంతటితో అయిపాయ. మడి నెర్రెలిచ్చింది. పట్నం నించి మనిషిని పిలిపిస్తే వచ్చేకి వారం. అందుకని కబురు హుసేనమ్మకు పంపినారు.

ఆమె పొద్దున్నే రేకుపెట్టె ఎత్తుకోని దొర ఉండే నగరుకు పోయింది. గడియారం బాగయినాక ముల్లు సరిపెట్టాలంటే ఇంకో మంచి గడియారం పక్కనుండాల గదా, అందుకని టైంపీసును గూడా కొంగులో చుట్టుకోనింది. మౌలాలి అడిగినాడంట, దాన్ని గూడా తీసకపోతాండావా అని. మాపటికి తెచ్చేస్తాలే అనింది. కారు కొట్టంలో ఉండాది. ఆమె కిందికి దూరి, పలక ఎనక చెయ్యి పెట్టి, గడియారం ఊడదీసి చూసింది. ఆ గడియారానికి తాళంచెవి లేదు. లోపల చిన్న స్ప్రింగు, దాని పక్కన రెండు మొనలు. స్ప్రింగు వదులయ్యేకొద్దీ మొనలు రెండూ తగులుకుంటాయి, బ్యాటరీ కరెంటు వచ్చి టక్కుమని స్ప్రింగును చుట్టేసి పోతాది. మల్లా కాసేపటికి ఇంకోసారి. కరెంటు రాకపోతే ఉన్న కాస్త బిగువు అయ్యేదాకా ఆడి నిలిచిపోతాది. ఆ మొనలు రెండూ మాడి బొగ్గయిపోయి ఉండాయి. ఎందుకు మాడినాయబ్బా అని తీగ పట్టుకోని పోయింది. తీగ తిన్నగా బ్యాటరీకి పోలేదు. పలక ఎనకనుంచి దిగి, కాళ్ళ కింద పరిచిన పరుపు కిందికి పోయి, తోలేవాని ఎడమ కాలు పెట్టే చోట ఒక చిన్న మీట కాడికి పోయింది. కాలితో ఒత్తితే కరెంటు ఆగతాది. ఇంకోసారి ఒత్తితే వస్తాది. ఒత్తినప్పుడల్లా నిప్పురవ్వ లేస్తాది. ఏండ్ల తరబడి అట్లా ఒత్తీ ఒత్తీ మొనలు మాడినాయి.

హుసేనమ్మ ఆ మీట మీద వేలు పెట్టి చూసింది. ఎండాకాలం పొద్దు ఎందుకు సాగతాందో అప్పుడు తెలిసింది. దొర తన వంతులో ఒత్తేసి కునుకు తీస్తాడు, గడియారం నిలిచిపోతాది. కడుపు నిండినాక మల్లా ఒత్తతాడు, ముల్లు కదలతాది. ఊరి నీళ్ళు, ఊరి తిండి, ఒక కాలి కింద. తల ఎత్తబోతే కారు పక్కన చెప్పులు కనిపించినాయి. కిర్రు చెప్పులు. దొర ఎప్పుడొచ్చినాడో, ఎంతసేపు నిలబడినాడో తెలీదు.

"చూస్తివా?" అన్నాడంట దొర, మెల్లగా.

"ఏం చూడాల దొరా?" అనింది ఆమె.

దొర చెప్పు కొసతో పరుపును మీట మీదికి నెట్టినాడు. తరవాత అన్నాడు, "నీ కయ్య కడాకు గదా ఉండేది. పైన వదిలితేనే కడాకు నీళ్ళొచ్చేది. ఎట్లుండేది అట్లే చెయ్యి. ఎక్కువ చేతులు పెట్టొద్దు."

అని పోయి అరుగు మీద కూర్చున్నాడు, ఆమె కనిపించేటట్టు. ఇప్పుడు చెప్పండి, మీరయితే ఏం జేస్తారు? కట్టమీదికి పోయి ఊరికి చెప్పేస్తాం అంటారా? చెప్పేది సులభమే. దొర ఏమంటాడు, గడియారం పగలగొట్టి కతలు చెప్తాంది ఈ దూదేకులామె అంటాడు. చూపించేదానికి లేకుండా ఆ మీటను ఆ పూటే పీకేస్తాడు. తూము మాత్రం మూసే ఉంటాది. వరికి సాకులు చెప్తే వింటాదా? పోనీ దొర చెప్పినట్టు ఆ మొనలు గీకి, తీగ అట్లే పెట్టిస్తే, ఆయన మల్లా ఒత్తతాడు, కడాకు మల్లా బురదే వస్తాది. ఎట్లా జూసినా కయ్య ఎండేదే. మొనలు గీకి చూసింది గానీ అవి గీకేకొద్దీ పొడి రాలతాండాయి, ఇంగ పనికి రావు. ఆమె కొంగులో టైంపీసు టకటకమంటాంది.

ఆ చప్పుడు విని ఆమె ఏం అనుకునిందో నాకు తెలీదు. ఏం జేసిందో మాత్రం తెలుసు. టైంపీసు మూత తీసి, దాని లోపలి యంత్రాన్ని అట్లే బయటికి లాగింది. కారు గడియారంలో ఉండే మాడిన సామాను తీసేసి, ఆ చోట తన యంత్రాన్ని కూర్చోబెట్టింది. పట్టలేదు. ఆకురాయితో దాని అంచున పొడుచుకొచ్చిన చెవులు అరగదీసి, మల్లా పెట్టింది. టైంపీసు ముల్లులు చూపిన పొద్దుకే కారు ముల్లులు దానికి తొడిగింది, అద్దం మూసింది, పలకలో బిగించింది. బయటికి అదే మొగం, అవే పచ్చ ముల్లులు. టైంపీసుకు గంటకొట్టే చిన్న సుత్తి ఉంటాది గదా, దాన్ని తీసెయ్యలేదు. గంటమూత పెట్టేదానికి చోటు లేదు. కానీ సుత్తి కొస సరిగ్గా కారు రేకుపలకకు ఆనుకోనింది. తాళంచెవులు రెండు పలక ఎనకపక్క ఉండాయి, ఒకటి నడకది, ఇంకోటి గంటది. గంట ఎప్పుడు కొట్టాలనేది తిప్పే బిరడా వాటి కిందుగా ఉండాది. అన్నీ చేత్తో తడిమి పట్టుకోవల్సిందే, కంటికి కనపడవు.

దొర వచ్చినాడు. ఏందీ చప్పుడు అన్నాడు. పాతది నడిస్తే వినపడేదే కాదు గదా. పాత సామాను మాడిపోయింది దొరా, అది ఈ తట్టు దొరికేది కాదు, నా టైంపీసు యంత్రం తీసి దీంట్లో పెట్టినా, కొంచెం చప్పుడు చేస్తాది, దినామూ తాళం చుట్టాల అనింది.

"మిగతాది?" అన్నాడు దొర.

"మిగతాది నేను ముట్టుకోలేదు. యాడుండేది ఆడే ఉంది దొరా."

అబద్ధం చెప్పిందా? చెప్పలేదు. మీట మీట చోటే ఉండాది, తీగ తీగ చోటే ఉండాది. గడియారానికే దాంతో పని లేకపాయ. దొర కారెక్కి కూర్చున్నాడు. ఎడమ కాలితో ఒత్తినాడు. టక్. ముల్లును చూస్తా కూర్చున్నాడు. ఎప్పుడూ ఒత్తిన ఎంటనే నిలబడేది కాదు గదా అది, స్ప్రింగులో బిగువు ఉన్నంతసేపు ఆడి అప్పుడు నిలబడేది. అందుకని దొర చూస్తాండాడు. హుసేనమ్మ నిలబడింది. సుత్తులు, ఆకురాళ్ళు పెట్టెలో సర్దుతాంది గానీ ఏది యాడ పెడతాందో ఆమెకే తెలీదు. ముల్లు కదలతాంది. దొర చూస్తాండాడు. ఇంకొంచేపు చూసినాడంటే అయిపాయ ఆమె పని. అంతలో గంగులప్ప పరిగెత్తతా వచ్చినాడంట, దొరా, జనం కట్టమీద చేరినారు, గడియారం బాగయిందని ఎవురో చెప్పినారు, ఇంగ ఆగేటట్టు లేరు అని. దొర ముల్లు మీంచి కన్ను తీసినాడు. టక్ మని మల్లా ఒత్తి, బండి తీసినాడు.

కట్టమీద ఊరంతా ఉండాది. కారు తూము కాడ నిలబడింది. ముల్లు పది మీద ఉండాది. దొర వంతు ఒంటిగంట దాకా అని గంగులప్ప అందరూ వినేటట్టు చెప్పినాడు. తాళం చుట్టాల దొరా అని హుసేనమ్మ కారులోకి వంగింది. దొర మోకాలు ఆమె చేతికి తగలతాంది. పలక ఎనక చెయ్యి పెట్టి తడిమింది. బిరడా తిప్పింది, ఒంటిగంట కాడికి వచ్చేటట్టు లెక్కబెట్టి తిప్పింది. తాళంచెవి ఒకటి చుట్టింది. ఇంకోటి చుట్టింది. ఎంతసేపే, బావిలో చేంతాడు చుట్టినట్టు చుట్టతాండావు అన్నాడు దొర. చెయ్యి ఎనక్కి తీసుకోని, కిందికి దిగిపోయి ఆడోళ్ళ గుంపులో కూర్చోనింది. గంగులప్ప పైకాలవ పలక లేపినాడు. నీళ్ళు బుసబుసమని పైకాలవలో పడినాయి. దొర మొగం మీదికి తువాలొచ్చింది. ఎడమ కాలు కొంచెం కదిలింది. అది చూసింది ఆమె ఒక్కతే.

అప్పుడు పట్టుకోనింది ఆమెకు భయం. రెండు తాళంచెవులు చుట్టినా గదా, రెండూ వేరేవేరేనా, లేకపోతే ఒకదాన్నే రెండుసార్లు చుట్టినానా? కంటికి కనపడలేదు. గంటది చుట్టకపోతే గంట కొట్టదు. గంట కొట్టకపోతే దొర లెయ్యడు. లెయ్యకపోతే చెయ్యెత్తడు. దొర వంతులో కారు కాడికి పోయి ముల్లు చూసే మనిషి ఆ ఊళ్ళో లేడు. నీళ్ళు పైకాలవలోనే పోతాంటాయి. చెరువు చూస్తే అడుగు రాళ్ళు ఒకటొకటే తేలతాండాయి. పక్కన కూర్చున్న ఈరమ్మ అడిగిందంట, ఏమక్కా, అట్లా చెమట పోస్తాంది, పొద్దన్నుంచి ఏమన్నా తిన్నావా అని. ఈమె తూము రాయి నీడను చూస్తా కూర్చోనింది. నీడ రాయి కిందికి ముడుచుకోనింది. ఆ పక్కకు తిరిగింది. ఇంకా కొంచెం సాగింది. గంగులప్ప గొణిగినాడు, ఈ దినం గూడా పొద్దు సాగతాన్నట్టుంది అని. ఆమె కండ్లు మూసుకోనింది.

అప్పుడు మోగింది.

గంట మాదిరి కాదప్పా, కారుకు కారే మోగింది. సుత్తి రేకుపలక మీద గడగడగడమని కొడతాంటే ఆ మూతి, ఆ తలుపులు, ఆ రేకులు అన్నీ అదిరి అరిచినాయి. చింతచెట్ల మీది కొంగలు లేచి పాయ. దొర ఎగిరి కూర్చున్నాడు, తువాలు కాళ్ళ కాడ పడింది. ఏం జేస్తాడు, అలవాటు గదా, కాలితో ఒత్తినాడు. టక్. గంట మోగతానే ఉంది. మల్లా ఒత్తినాడు. టక్ టక్. మోగతానే ఉంది. జనం లేచినారు. దొర వంతులో కారు కాడికి పోకూడదని ఎవురికీ మతికి రాలేదు, పిలిస్తే పోయినట్టు పోయినారు. కారు చుట్టూ నిలబడినారు. అందరికీ ఇనపడింది ఆ టక్ టక్, అందరికీ కనపడింది ఆ కాలు. గంగులప్ప తల లోపలికి పెట్టి చూసినాడు. ముల్లు ఒంటిగంట మీద ఉండాది. తల తిప్పి తూము రాయి నీడ చూసినాడు. మల్లా దొర కాలు చూసినాడు. ఎవురూ నవ్వలేదు. నవ్వుండింటే దొరకు సులభమై పోయుండు.

"ఏందే ఇది?" అన్నాడు దొర హుసేనమ్మను చూసి.

"గంట దొరా," అనింది ఆమె. "మీరు అలిసి కునుకు తీస్తారు. వంతు దాటిపోతే ఊరు మిమ్మల్ని ఏమన్నా అనుకుంటాదని పెట్టినా."

దొర నోరు తెరిచినాడు. ఏం చెప్పాల? ఇది మోగకూడదు అని చెప్పాల. ఎందుకు మోగకూడదో గూడా చెప్పాల. నోరు మూసినాడు. గంగులప్ప తలపాగా సర్దుకోని, ఏండ్ల తరవాత మొదటిసారి దొర చేతి సైగ కోసం ఆగకుండా చెప్పినాడు. "ముల్లు ఒంటిగంట మీదికొచ్చింది దొరా. పైకాలవ కట్టేస్తాండా." పోయి పలక దించేసినాడు. నీళ్ళు నడిమి కాలవకు తిరిగినాయి. దాని వంతు అయినాక కడకాలవకు తిరిగినాయి. పొద్దు గుంకకముందే హుసేనమ్మ కయ్యలోకి నీళ్ళొచ్చినాయి. నురగతో, పుల్లలతో, ఎండిన ఆకులతో వచ్చినాయి. ఆమె మోకాళ్ళ లోతు దిగి, నెర్రెలు బుడబుడమని నీళ్ళు తాగతాంటే వింటా నిలబడిందంట.

ఇంటికి పోతే మౌలాలి, టైంపీసు తెచ్చినావా అన్నాడు. ఆమె వట్టి డొల్లను తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. తడిమి చూసుకున్నాడు. మూత తీసి వేలు లోపల పెట్టినాడు. గుండె యాడే అన్నాడు. కట్టమీద నీళ్ళు పంచతాంది అనింది. ఆయప్ప మూత పెట్టి, డొల్లను తలగడ పక్కన పెట్టుకున్నాడు. కయ్యకు తడి అయిందా అని అడిగినాడు. అయింది అనింది. అయితే పండుకుంటా, తెల్లారితే నువ్వే లేపు అన్నాడంట.

మరి దొర ఊరికే ఉన్నాడా అంటారు. ఊరికే ఉంటాడా? హుసేనమ్మకు ఎవురూ గడియారాలు ఇయ్యకూడదని చెప్పి పంపినాడు. జనం ఏం జేసినారు, చేటలో వడ్ల కింద దాచి తెచ్చి ఇచ్చినారు. కారు మాత్రం మల్లా కట్ట ఎక్కలేదు. తరవాతి వంతుకు గంగులప్ప ఉప్పుగిన్నె ఖాళీ చేసి, చింతపండుతో తోమి, కుండలో తేలేసినాడు. ఊరు చుట్టూ కూర్చోనింది. నేను గూడా ఆ కుండ చుట్టూ కూర్చున్న వాన్నే లెండి, తరవాత కాలంలో. మేము చేతులు కాల్చుకోని నేర్చుకునింది ఇంతే, పొద్దును గానీ నీళ్ళను గానీ ఒకరి కారులో పెట్టి తలుపేసుకోనిస్తే, ఎంత మర్యాదగా వేసుకున్నా ఆ కాలు ఊరికే ఉండదు. ఆ కారు ఇంకా ఆ కొట్టంలోనే ఉంది, కోళ్ళు గుడ్లు పెడతాండాయి దాంట్లో. గడియారం నిలిచిపోయింది, తాళం చుట్టేవాళ్ళు లేక. మీట మాత్రం పనిచేస్తాంది అంటారు. కోడి తొక్కినప్పుడల్లా టక్ మంటాదంట.